పదో తరగతి ‘ఎ’ సెక్షన్‌కు ఒకే తాత

ముందే చెప్పేస్తున్నాను, మొదట్లో ఎల్లన్న కనబడితే చాలు నాకు ఒళ్లు మండేది.

ఆ మనిషి మా బడికి మొదటిసారి వచ్చింది జూలైలో, సొంత మనవడు రుత్విక్ కోసం. వాడు పక్కవాడి నోట్సులో పేజీలు చింపి, తన నోట్సులో అతికించి హోంవర్కు అని చూపించాడు. వాళ్ల నాన్నను తీసుకురమ్మంటే తాత వచ్చాడు. తాతే కదా, సరేలే అనుకున్నాను. ఆగస్టులో జమున కోసం వచ్చాడు. “పెద్దతాతనైత” అన్నాడు. గని కాలనీలో వరసలు ఎక్కడివెక్కడో కలుస్తాయి, అదీ సరే అనుకున్నాను. సెప్టెంబరులో యమున కోసం అదే తెల్ల పంచె, భుజం మీద అదే తువ్వాలతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మీరు మొన్న జమునకు తాతనని చెప్పిన్రు కదా?” అన్నాను.

“అవును బిడ్డా.”

“అంతకుముందు రుత్విక్‌కు తాత.”

“గది సొంతం.”

“మరి యమునకు ఏమైతరు?”

“తాతనే,” అన్నాడు తొణక్కుండా. “ఇంక ముప్పై అయిదుగురున్నరు గద లోపల. వాళ్లకు గూడ తాతనే. నువ్వు పిలువు, నేనొస్త.”

క్లాసు క్లాసంతా గొల్లుమంది.

నా పేరు క్రిస్టినా. గోదావరిఖనిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతి ‘ఎ’ సెక్షన్‌కు క్లాస్ టీచర్‌ను. పదకొండేళ్ల సర్వీసులో ఒక్క పిల్లవాడి మీద కూడా చెయ్యెత్తలేదు. ఈ మాట ఎక్కడికి వెళ్లినా చెప్పుకునేదాన్ని. కర్ర పట్టుకునే సార్లను చూస్తే చిన్నచూపు కూడా ఉండేది. నాకు కోపం లేక కాదు, నాకున్నంత కోపం ఆ బడిలో ఎవరికీ లేదు, ముక్కు మీదే ఉంటుంది. నా దగ్గర ఫోన్ ఉండేది, అంతే తేడా. ముచ్చట్లాడితే ఫోన్. ఎదురు మాట్లాడితే ఫోన్. “మీ అబ్బాయి విషయం మాట్లాడాలి, రేపు పదింటికి రండి.” పిల్లలు నాకు ‘ఫోన్ టీచర్’ అని పేరు పెట్టారని తెలిసినప్పుడు, భయం ఉందన్నమాట అని మురిసిపోయాను. చూడండి నా తెలివి!

బొగ్గు గనుల మధ్యనే పుట్టి పెరిగాను నేను. మా నాన్న తోమాసు మందమర్రిలో గని ఆఫీసులో క్లర్కు. జనరల్ షిఫ్టు. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి సాయంత్రానికి ఇంటికొచ్చేవాడు. బడికి రావాలంటే గంట పర్మిషన్ పెట్టుకుని ఇస్త్రీ చొక్కాలో వచ్చేవాడు. పక్క క్వార్టర్ పిల్లలు మాత్రం కొన్ని వారాలు పగలంతా గుసగుసగా ఆడుకునేవాళ్లు, బంతి గోడకు తగిలితే ఊపిరి బిగబట్టుకునేవాళ్లు. మెతక పిల్లలు అనుకునేదాన్ని. వాళ్ల ఇంట్లో రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషి పడుకుని ఉన్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎల్లన్న సంగతి నాకు మా అటెండర్ పోశం చెప్పాడు. మంథని దిక్కు పల్లె నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు పనికి వచ్చాడట. తొమ్మిదేళ్లు బదిలీ ఫిల్లర్. అంటే రోజూ సద్దిగిన్నె పట్టుకుని గని దగ్గరికి పోవాలి, ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాళ్ల బదులు లోపలికి దిగి బొగ్గు నింపాలి, అందరూ వస్తే ఉత్త చేతులతో ఇంటికి రావాలి. ఆ తర్వాత పర్మనెంటు అయి, తట్టతో, పారతో ముప్పై రెండేళ్లు బొగ్గు నింపి, ఆరేళ్ల కింద రిటైరై, ఇప్పుడు కొడుకు పేరు మీదున్న క్వార్టర్‌లో ఉంటున్నాడు. జూలైలో రుత్విక్ కోసం వచ్చి వెళ్లిన మర్నాడే అయిదారుగురు పిల్లలు ఆయన ఇంటికి పోయి, “తాతా, మాకు గూడ వస్తవా?” అని అడిగారట.

“గీయనకు ఒక రూలున్నది టీచర్,” అన్నాడు పోశం. “ముందుగాల మీ బాపు ఏ షిఫ్టు అని అడుగుతడు. మొదటి షిఫ్టైనా, రెండో షిఫ్టైనా, పో, మీ బాపునే తీస్కపో అంటడు. నైట్ షిఫ్టైతెనే వస్తడు.”

“అంటే ఇంట్లో తెలవకుండ దాస్తున్నడన్నట్టు.”

“అయ్యో, దాసుడేంది! షిఫ్టు మారినంక ఆయననే పోయి తండ్రికి చెప్తడు. పిల్లగాని ముందటనే చెప్తడు.”

నేను నమ్మలేదు. నమ్మాలని కూడా అనిపించలేదు.

నన్ను మండించింది ఇంకొకటి. జమునను నేను పిలిపించింది ముచ్చట్లు ఆడుతోందని. ఎల్లన్న ఆ పిల్లను తీసుకుపోయి సైకిల్ స్టాండు అరుగు మీద కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పది నిమిషాలు ఆ పిల్లే మాట్లాడింది, ఈయన నోరు విప్పలేదు. తర్వాత ఇద్దరూ వచ్చారు.

“ముచ్చట్లొక్కటే కాదు టీచరమ్మా,” అన్నాడు. “మొన్న స్లిప్ టెస్టుల రెండు లెక్కలు పక్కదాన్ల చూసి రాసిందట. గవి కొట్టెయ్యి. దానికి గూడ గదే మంచిగనిపిస్తది.”

నేను మార్కులు కొట్టేశాను. ఆ రెండు లెక్కల సంగతి నాకు అంతవరకు తెలియదు. అడిగి ఉంటే చచ్చినా చెప్పేది కాదు. ఎమ్మెస్సీ, బీఎడ్ చదివిన నాకు దొరకనిది ఏ బడికీ పోని ముసలాయనకు పది నిమిషాల్లో దొరికింది. కడుపు రగిలిపోదా మరి?

“ఏం మంత్రమేస్తరు కాకా మీరు?” అన్నాను, వెటకారంగానే.

“మంత్రమేముంది బిడ్డా. చెప్తాంటె ఇన్న,” అని వెళ్లిపోయాడు.

జనవరి ఆఖరున ఆకాశ్ గొడవ వచ్చింది. ఆకాశ్ వాళ్ల బాపు మొగిలి గనిలో పైకప్పుకు ఆసరాలు నిలబెట్టే పని చేస్తాడు. ఆకాశ్ చెడ్డవాడు కాదు, చురుకైనవాడు, లెక్కల్లో క్లాసులో మూడోవాడు. కానీ గొంతులో ఏదో పిశాచం ఉంది. మధ్యాహ్నం మూడింటికి గని సైరన్ కూస్తుంది కదా, ఆ కూతను అచ్చంగా తీస్తాడు. ఆ ఏడాది వాడి అల్లరి మీద అప్పటికే మూడుసార్లు వాళ్ల బాపుకు ఫోన్‌లో చెప్పాను. ఆ రోజు నేను బోర్డు వైపు తిరిగి త్రికోణమితి చెబుతుంటే రెండున్నరకే తీశాడు. నాకే అనుమానం రాలేదు. మా పోశం గడియారం కంటే సైరన్‌నే నమ్ముతాడు, టంగుమని గంట కొట్టేశాడు. మూడు క్లాసులు వరండాలోకి వచ్చేశాయి. ‘బి’ సెక్షన్ వేణుమాధవ్ సారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. హెడ్మాస్టర్ జగదీశ్వర్ సారు మాత్రం నవ్వలేదు. పిల్లలందరి ముందూ, “ఏందమ్మా నీ క్లాసు? సంతనా?” అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పదకొండేళ్లుగా ఒక్కరి మీదా చెయ్యి వెయ్యకుండా క్లాసు నడిపిన దాన్ని. సంతనా! అప్పటికప్పుడు మొగిలికి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. నాలుగుసార్లు చేశాను. “రేపు మీ బాపు రాకుంటే నువ్వు రాకు,” అని ఆకాశ్‌కు చెప్పాను.

మర్నాడు ఎల్లన్న వచ్చాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, జగదీశ్వర్ సారు మీది కోపమంతా ఈయన మీద పడింది.

“మీరెవరు అసలు?” అన్నాను. “ఇది బడి. బయటోళ్లు వచ్చి పంచాయతీలు చేసే జాగ కాదు. వాని కన్నతండ్రి రావాలె. రేపు పదింటికి నా ముందర ఉండాలె. లేకుంటే ప్రీ ఫైనల్ పరీక్షకు కూసోనియ్య.”

అలా ఆపే అధికారం నాకు లేదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్లకు తెలియదు.

“నైట్ షిఫ్టున్నడు బిడ్డా,” అన్నాడు ఎల్లన్న. గొంతు పెంచలేదు. “సోమవారం నుంచి మొదటి షిఫ్టు. నాలుగు దినాలు ఆగు. సోమవారం మూడు గొట్టంగనే నేనే తీస్కొస్త. పిల్లగాడు తప్పొప్పుకున్నడు. పోశంను, సార్లను మాఫీ అడుగుమంటె అడుగుతడు.”

“నాలుగు దినాలు కాదు, నాలుగు గంటలు కూడా ఆగ. రేపే.”

“బయటోణ్ణి గద, నేనేమంట,” అని తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు అప్పుడు గెలిచినట్టే అనిపించింది.

మొగిలి మర్నాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. గని నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కంటి రెప్పల అంచుల్లో బొగ్గు కాటుకలా నిలిచి ఉంది. నాకు క్లాసుంది. ఆగమన్నాను. నిజం చెబుతున్నాను, ఆ పీరియడ్ మధ్యలో రెండు నిమిషాలు బయటికి వచ్చి మాట్లాడి ఉండొచ్చు. రాలేదు. నేను పాఠం ముగించి వచ్చేసరికి ఆయన వరండా గోడకు చేరగిలబడి నిద్రపోతున్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఆరో తరగతి పిల్లలు చుట్టూ చేరి కిసకిస నవ్వుతున్నారు.

లేపి మా ‘ఎ’ సెక్షన్ గదిలోకి తీసుకొచ్చాను. ఆకాశ్‌ను నిలబెట్టాను. ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పాను, జగదీశ్వర్ సారు అన్న మాటతో సహా. మొగిలి నోట్లో నాలుక లేని మనిషి. అన్నీ విన్నాడు. విని, రెండడుగులు వేసి కొడుకు చెంప మీద కొట్టాడు. ఎంత గట్టిగా అంటే ఆకాశ్ బెంచీ మీద పడ్డాడు. ఇంకొకటి కొట్టబోతే రుత్విక్ లేచి అడ్డం పడ్డాడు.

“తప్పైంది టీచరమ్మా,” అని మొగిలి నాకు రెండు చేతులూ జోడించాడు. “పరీక్షకు కూసోనియ్యున్రి,” అని వెళ్లిపోయాడు.

ముప్పై ఏడు మంది పిల్లలు వెళ్తున్న మనిషి వైపు చూడలేదు. నా వైపు చూశారు. “కొట్టమని నేను చెప్పలేదు కదా!” అన్నాను పైకే. నేను ఎన్నడూ అడగని నిశ్శబ్దం ఆ రోజు నా క్లాసులో దొరికింది. చాక్‌పీసు తీసుకుని లెక్క రాశాను, తప్పు రాశాను. అదీ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆకాశ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్రీ ఫైనల్ వారంలోకి వచ్చింది, పబ్లిక్ పరీక్ష మార్చిలో. ఫోన్ చేస్తే వాళ్ల అమ్మ ఎత్తి, “వస్తడమ్మా, చెప్తున్నం,” అంది. బడికని బయలుదేరి బసంత్‌నగర్‌లో లారీల షెడ్డుకు పోతున్నాడని పోశం కబురు తెచ్చాడు. టైర్లు విప్పే పనట. పదో తరగతి తప్పితే ఆ షెడ్డే వాడి బతుకవుతుంది. అలా షెడ్డుల్లోనే ఉండిపోయినవాళ్లు నా పాత విద్యార్థుల్లోనే నలుగురున్నారు.

నాలుగో రోజు క్లాసులో అందరికీ తలా ఒక తెల్ల కాగితం ఇచ్చాను. “నేనేం చేస్తే మీరు మాట వింటారో రాయండి,” అన్నాను. “పేర్లొద్దు. మీకెలాంటి టీచర్ కావాలో మీరే చెప్పండి, నాకు తెలివి లేదు కదా.” ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

స్టాఫ్ రూంలో కూర్చుని చదివాను. ‘కొట్టకూడదు’ అని అందరూ రాస్తారనుకున్నాను. ఆరుగురే రాశారు. ‘కొట్టినా మంచిదే టీచర్, అక్కడికక్కడ అయిపోవాలె. మీది వారం రోజులు నడుస్తది’ అని ఒకరు. ‘వేణుమాధవ్ సార్ మొదటి రోజే చెప్పిండు, ఇది చేస్తే ఇది అని. ఆ మాట మారదు. మీరు కోపమున్న రోజు ఒక తీరు, లేని రోజు ఒక తీరు’ అని ఇంకొకరు. పక్కకు పిలిచి అడగమని చాలామంది రాశారు, అందరి ముందర ఎవడు నిజం చెప్తడు అని. ఒక కాగితంలో గుండ్రటి అక్షరాలతో, ‘మీ నంబర్ కనపడితే మా అమ్మ ఉరికొచ్చి ఫోన్ నొక్కేస్తది. బాపు లేస్తడని. తర్వాత ఆమె వంటింట్ల కూసొని ఏడుస్తది’ అని ఉంది. పంతొమ్మిది కాగితాల్లో నైట్ షిఫ్టు అనే మాట ఉంది. నేను లెక్కల టీచర్‌ను, రెండుసార్లు లెక్కపెట్టాను. ఒక కాగితంలో ఒకటే వాక్యం, ‘తాతను బయటోడు అనుడు మంచిగ లేదు.’

ముందు కోపమొచ్చింది. పదకొండేళ్లు గొంతు చించుకున్నందుకు ఇదా ఫలితం అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది.

సాయంత్రం స్కూటీ వేసుకుని ఎల్లన్న ఇంటికి పోయాను. ఆయన వాకిట్లో చిక్కుడు పందిరికి తాడు కడుతున్నాడు. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

“ఆకాశ్‌ను బడికి తీస్కరావాలె కాకా,” అన్నాను.

“బడికొచ్చి పోయిన రోజు రాత్రి మొగిలిని గని మీదనే ఆపిన్రు,” అన్నాడాయన, తాడు ముడి వేస్తూ. “పగలు కన్ను మూయలే గద. కొడుకును కొట్టిననని ఇంట్ల ఒకటే ఏడ్సుడు. షిఫ్టు మీద పని చూసే సర్దారు ఆయన కండ్లు చూసి, ఈ మొహంతోని లోపలికి దిగి పైకప్పు కింద నిలబడ్తవా, ఇంటికి పో అన్నడు. మస్టర్ పోయింది, ఆ దినం జీతం పడలే. పోతె పోయింది, సర్దారు మంచోడు. దిగనిస్తె ఏమయ్యేదో.”

క్షమాపణ అడగాల్సింది, కానీ నా నోరు నాది కదా, గొడవకే లేచింది.

“మరి నేనేం చెయ్యాలె? కర్ర ముట్టొద్దంటరు. ఫోన్ చెయ్యొద్దంటరు. క్లాసు గోల చేస్తే సంతనా అంటరు. ముప్పై ఎనిమిది మంది! పీరియడ్ నలభై అయిదు నిమిషాలు! ఒక్కొక్కణ్ణి అరుగు మీద కూసోబెట్టుకొని వింటే సిలబస్ మీరు చెప్తరా?”

“నాకేం తెలుసు బిడ్డా,” అన్నాడు. “నాకు ఒకసారికి ఒకడే వస్తడు. నీకు అందరొక్కసారే. నీది కష్టమే, కాదంటలేను.” మళ్లీ తాడు అందుకుని అన్నాడు, “పిల్లగాండ్లు నిన్ను చెడ్డదనరు. లెక్కలు మంచిగ చెప్తదంటరు. ఒక్కటే అంటరు. కోపమేమో టీచరమ్మది, చెయ్యేమో మా బాపుది. గట్లెట్ల అని అడుగుతరు. నేనేం జెప్పాలె?”

నీళ్ల గ్లాసు కింద పెట్టి లేచాను. “వచ్చే సోమవారం వరకన్నా తీస్కరాండ్రి. నేను వాణ్ణి ఏమీ అనను,” అన్నాను.

“చెప్పి చూస్త. వానికి గూడ ఒక మాటుంటది గద,” అన్నాడు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఇద్దరూ వచ్చారు. నా క్లాసుకు కాదు, నేరుగా హెడ్మాస్టర్ గదికి. పోశం వచ్చి నన్ను పిలిచాడు. పోయేసరికి ఆకాశ్ టేబుల్ ముందు నిలబడి ఉన్నాడు, గోళ్లలో గ్రీజు. ఎల్లన్న గుమ్మం దగ్గరే ఆగాడు.

“ఈ పిల్లగాడు ‘బి’ సెక్షన్‌కు పోతనంటున్నడు,” అన్నాడు జగదీశ్వర్ సారు. “అట్లైతెనే బడికొస్తడట. పరీక్షలు నెత్తి మీదున్నయి, ఇప్పుడు సెక్షన్ మార్చుడేంది? ఏమైందిరా? టీచర్ ఏమన్నదా? కొట్టిందా? భయపడకు, నాకు చెప్పు.”

వాడు నోరు విప్పితే చాలు. పరీక్షకు కూర్చోనివ్వనని బెదిరించిన సంగతి, నైట్ షిఫ్టు మనిషిని పీరియడ్ అంతా వరండాలో నిలబెట్టిన సంగతి, అన్నీ బయటికి వస్తాయి. చెప్పనీ అని కూడా అనిపించింది, చెబితే కనీసం నా బరువు దిగుతుంది. ఆకాశ్ ఒకసారి నా వైపు చూశాడు. చెంప మీద వాపు తగ్గింది.

“టీచర్ ఏమనలేదు సార్,” అన్నాడు. “టీచర్ మంచిగనే చెప్తది. ఆ రూంల గాలి రాదు సార్. నాకు చెమటలు పోస్తయి.”

“గింతేనా? ఫ్యాన్ బాగు చేపిద్దాం గద!”

“వద్దు సార్. ‘బి’ల కిటికీలు పెద్దగున్నయి.”

సారు విసుక్కుంటూ రిజిస్టర్ నా వైపు తోశాడు. క్లాస్ టీచర్ సంతకం పెట్టాలి. పెట్టాను. ఎల్లన్న ఆకాశ్ భుజం మీద చెయ్యి వేసి ‘బి’ సెక్షన్ వైపు తీసుకుపోయాడు. నేను వాడి మీద ఆ ఏడాది నాలుగుసార్లు వాళ్ల బాపుకు చెప్పాను. నా మీద వాడు నా పైవాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు.